గాజుపెట్టెలో ఉమ్మడి కాపురం

మా ఇంట్లో నా మాట వినే ప్రాణి ఒక్కటైనా ఉండాలన్న ఆశతో చేపల్ని పెంచడం మొదలెట్టాను. చేపలకు పైకి చెవులు కనపడవన్న సంగతి ఆ ఉత్సాహంలో తట్టలేదు. లోపల ఉంటాయట, బాగానే వినపడుతుందట. అంటే వినపడీ పట్టించుకోవడం లేదన్నమాట. ఆ లెక్కన అవి వచ్చిన రోజే మా కుటుంబంలో కలిసిపోయాయి.

బుద్ధిమంతులు గప్పీలు పెంచుకుంటారు, గోల్డ్ ఫిష్ పెంచుకుంటారు. నాకు సిక్లిడ్లు కావాల్సొచ్చాయి. సిక్లిడ్ అంటే దేవలోకపు చేపేమీ కాదు. 1952లో మన దేశంలోకి దిగి, చెరువుల్లో ఎంత పట్టినా తరగని తిలాపియాది ఆ కుటుంబమే. మలయాళీలు మసాలా పట్టించి అరిటాకులో చుట్టి కాల్చుకునే కరిమీను, 2010లో కేరళ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న ఆ కరిమీను కూడా వీటి చుట్టమే. ఈ కుటుంబంలో పెద్ద జాతుల్ని మొక్కల తొట్టిలో వేస్తే మొక్క పీకి, మట్టి తవ్వి, నోట్లో పట్టే పొరుగువాణ్ని మింగి గాని ఊరుకోవు. నాబోటి సంసారుల కోసమే అన్నట్టు అందులో మరుగుజ్జు జాతులున్నాయి. నాలుగంగుళాలు దాటవు. మొక్కల జోలికి అంతగా పోవు. ఒళ్లు మాత్రమే మరుగుజ్జు, పౌరుషం పెద్దన్నయ్యలదే అన్న ముక్క దుకాణంలో ఎవరూ చెప్పరు. చెబితే నేను వినేవాణ్నా అంటే, అదీ లేదు.

దుకాణంలో నాలుగు తొట్లు వరసగా ఉన్నాయి. మొదటిదాంట్లో జర్మన్ బ్లూ రామ్. ఒంటినిండా నీలి చుక్కలు, కంటి మీదుగా నిలువుగా నల్లగీత, వీపు మీద నిక్కబొడుచుకున్న నల్ల ముల్లు. "జర్మనీ నుంచి ఫ్లైట్‌లో వచ్చింది సార్" అన్నాడు కుర్రాడు. ఆ చేప పుట్టిల్లు వెనిజులా, కొలంబియాల్లోని ఒరినోకో నది మైదానాలు. 1948లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెడుతూ, పట్టి తెచ్చిన మాన్యుయెల్ రమీరెజ్ పేరు కలిపి రమిరెజీ అన్నారు. జర్మన్లు చేసిందల్లా దాన్ని తరాల తరబడి తొట్లలో పెంచి రంగు తేల్చడం. నేను కొన్నది అటు జర్మనీనీ చూసుండదు, ఇటు ఒరినోకోనూ చూసుండదు. రంగుచేపలకు పేరుపడ్డ చెన్నై కొళత్తూరులో ఏ సిమెంటు తొట్టిలోనో కళ్లు తెరిచి, ఆక్సిజన్ నింపిన సంచిలో రాత్రి బస్సెక్కి హైదరాబాదు చేరుకుని ఉంటుంది. అయినా 'జర్మన్' అన్నందుకు నేను ఎక్కువే ఇచ్చుకున్నాను.

రెండో తొట్టిలో బొలీవియన్ రామ్. మొదటిదానికి దాయాది. కాస్త పెద్ద ఒళ్లు, కాస్త తక్కువ రంగు, చాలా ఎక్కువ బుద్ధి. మూడో తొట్టిలో కాకాటూ ఆపిస్టోగ్రామా. పెరూ వైపు అమెజాన్ వాగులది. మగవాడి వీపు మీద ముందరి ముళ్లు కాకాటూ చిలక జుట్టులా లేచి ఉంటాయి, తోక మీద నారింజ రంగు మరకలు. నాలుగోదాంట్లో క్రిబెన్సిస్. ఇది అమెరికా వైపుదే కాదు, ఆఫ్రికాలో నైజీరియా దగ్గరి నీళ్లది. ఆడదాని పొట్ట పండిన నేరేడు పండుకూ, ఎరుపుకూ మధ్య ఏదో రంగులో మెరుస్తుంది. ఒకరు అట్లాంటిక్‌కు ఇటు, మిగతావాళ్లు అటు. ఒకరి వంశంలో ఎవరూ ఇంకొకరి వంశం ముఖం చూసి ఎరగరు. వాళ్లందరినీ ఒక గూటికి చేర్చింది నా డెబిట్ కార్డు.

జీవవైవిధ్యమనీ, రంగుల పొందికనీ, ప్రకృతి సమతూకమనీ ఇంట్లో చాలా చెప్పాను. అసలు జబ్బు అత్యాశ. మిఠాయి కొట్లో కూడా "అన్నీ కలిపి అరకేజీ వెయ్యి బాబూ" అనే రకాన్ని నేను. నాలుగింట్లో మూడు వదులుకోవడం చేతకాక నాలుగూ కొని, ఆ చేతకానితనానికి 'కమ్యూనిటీ అక్వేరియం' అని పేరు పెట్టాను.

"వీటికి ఒకదానికొకటి పడుతుందా?" అంది మా ఆవిడ సంచులు చూసి.

"భేషుగ్గా. దీన్ని కమ్యూనిటీ ట్యాంక్ అంటారు."

"మన అపార్ట్‌మెంట్‌నీ గేటెడ్ కమ్యూనిటీ అనే అంటారు" అంది నవ్వకుండా, కూర తిప్పుకుంటూ.

తొట్టి సంగతి చెప్పాలి. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. సుమారు 130 లీటర్లు, అంటే నీళ్లే 130 కేజీలు. అంత బరువు ఆపే గోడవార హాల్లో ఒక్కటే ఉంది, అక్కడ మా ఆవిడ కుట్టుమిషను ఉండేది. ఆ మిషను ఇప్పుడు బాల్కనీలో ఉంది. ఇంతకుమించి ఆ విషయం మాట్లాడే ధైర్యం నాకు లేదు.

నీళ్లు నింపాక నెలపైన అందులో చేపలు వెయ్యలేదు. ఈ ఒక్క పని మాత్రం పద్ధతిగా చేశాను. దుకాణంవాడికి డబ్బు ముందే కట్టి, చేపల్ని వాడి తొట్లలోకే తిరిగి పంపి, తొట్టి 'పండే' దాకా ఆగాను. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారిస్తే అప్పటికి కాస్త నయం. ఈ రెండు రకాలూ ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మా తోడల్లుడు వచ్చి, లైట్లు వేసుకుని బుడబుడమంటున్న ఖాళీ తొట్టిని చూసి, "చేపలేవీ?" అన్నాడు. "ప్రస్తుతం బ్యాక్టీరియాను పెంచుతున్నాను" అన్నాను. ఆయన కాఫీ కప్పు తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గరికి మారిపోయాడు. చేపల కోసం డబ్బు తగలేసేవాణ్ని లోకం క్షమిస్తుంది గానీ, కంటికి కనపడనివాటి కోసం తగలేసేవాణ్ని క్షమించదు.

చేపలొచ్చాక తిండి సమస్య వచ్చింది. మరుగుజ్జు సిక్లిడ్లకు పొడిమేత వేస్తే తింటాయి గానీ ముఖం అదోలా పెడతాయి. వాటికి పురుగు కావాలి. దుకాణాల్లో గడ్డకట్టించిన బ్లడ్ వార్మ్స్ అమ్ముతారు. కుట్టని ఒక జాతి దోమల లార్వాలవి. ఎర్రగా, చదరపు బిళ్లలుగా, చాక్లెట్ అచ్చు మాదిరి వస్తాయి. వాటిని దాచడానికి మా ఇంట్లో ఉన్నది ఒకే ఫ్రీజరు. ఆ ఇంట్లో అప్పుడు కార్తీకమాసం. ఉల్లిపాయ కూడా ముట్టని మా అత్తగారు ఆ నెలంతా మా దగ్గరే.

"ఈ ఎర్రబిళ్లలేమిటి అల్లుడుగారూ?"

నిజం చెప్పే వ్యవధి ఉంది. నోరే లేవలేదు. "బీట్‌రూట్ అండీ" అన్నాను.

ఆవిడ ఎంతో మెచ్చుకున్నారు. తురిమి బిళ్లలు కట్టి దాచుకునే ఓపిక తన కూతురికి ఎప్పుడొచ్చిందా అని కూడా అనుకున్నారట. ద్వాదశి పారణకు కూర చేద్దామని రెండు బిళ్లలు గిన్నెలో వేసి కరగనిచ్చారు. కరిగాక గిన్నెలోకి చూశారు. అరవలేదు, కేకలు వెయ్యలేదు. గిన్నె అక్కడే వదిలేసి, తలమీద నీళ్లు పోసుకొచ్చి, బట్టలు సర్దుకుని, మిగతా కార్తీకం కొడుకు దగ్గర చేసుకుంటానని బాపట్ల బస్సెక్కారు. ఆ గిన్నె మాత్రం మా ఆవిడ నాకు ఇచ్చేసింది. ఇప్పుడది చేపల గిన్నె.

మర్నాడు మా బావమరిది ఫోను. అతను బాపట్ల తీరంలో రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తాడు. "బావా, అమ్మకేం పెట్టారు?" అన్నాడు. చెప్పాను. అవతల అయిదు నిమిషాలు నవ్వి, "ఆ పురుగుల గోలెందుకు, ఆర్టీమియా పంపుతా" అన్నాడు. మన కోస్తా హేచరీల్లో వనామీ రొయ్యపిల్లకు పెట్టే తొలి మేతల్లో ఆర్టీమియా ఒకటి. ఉప్పునీటి చెరువుల్లో పెరిగే, పుట్టినప్పుడు కంటికి ఆనీ ఆననంత జీవి. దాని గుడ్లు పొడిగా డబ్బాలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. లీటరుకు పాతిక గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, అందులో వేసి గాలి కొడితే, వెచ్చటి రోజుల్లో ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి లేచి ఈదుతాయి. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా వేలాడదీసి, వంటింటి గట్టు మీద పొదిగించడం మొదలెట్టాను. ఉప్పు వంటింటిదే. "ఉప్పు నెలకు రెండు ప్యాకెట్లు ఎందుకవుతోంది? బీపీ నీకా నాకా?" అని మా ఆవిడ అడిగినప్పుడు, రెండోసారి అబద్ధమాడే సాహసం చెయ్యలేదు. సీసా పక్కన టార్చి వేసి చూపించాను. వెలుతురు పడ్డ వైపు నారింజ రంగు మబ్బులా అన్నీ మూగాయి. కాసేపు చూసింది. "బాగుంది. బాల్కనీలో పెట్టుకో" అంది. అలా సీసా కూడా కుట్టుమిషను పక్కకు చేరింది.

ఇక నీళ్లు. రామ్ చేపది మహా నాజూకు ఒళ్లు. దానికి మెత్తటి నీళ్లు, కొంచెం పులుపు వైపు మొగ్గినవి, 28 డిగ్రీల పైన వెచ్చగా కావాలి. బొలీవియన్‌కు అంత వేడి వద్దు, 24 నుంచి 26 చాలు. క్రిబెన్సిస్‌కు గట్టి నీళ్లయినా ఫరవాలేదు. మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచితే అంకె తొమ్మిది వందలు దాటి ఇంకా ఆలోచిస్తూ ఉంటుంది. మంజీరా నీళ్లు నయమే గానీ రోజు విడిచి రోజు వస్తాయి, క్లోరిన్ వాసనతో వస్తాయి. కాబట్టి నా కన్ను వంటింట్లో ఆర్వో మిషను మీద పడింది. రాత్రిళ్లు అందరూ పడుకున్నాక బిందెలు పెట్టి దానికింద కూర్చునేవాణ్ని. ఒక వేసవి మధ్యాహ్నం చుట్టాలొచ్చి మంచినీళ్లడిగితే, ఇంట్లో చుక్క లేక కింద కిరాణాకొట్టుకు బాటిళ్ల కోసం పరిగెత్తాల్సొచ్చింది. చుట్టాలు ఆ బాటిల్ నీళ్లు తాగుతూ, ఆర్వో నీళ్లలో ఈదుతున్న చేపల్ని చూస్తూ కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడంలో మా ఆవిడ వైపు చుట్టాలది అందె వేసిన చెయ్యి.

బాదం ఆకు గురించి చెప్పకపోతే పాపం. మన వీధుల్లో గొడుగులా కొమ్మలు పరిచే బాదం చెట్టు ఆకు ఎండి రాలాక నీళ్లలో వేస్తే టానిన్లు దిగి, నీళ్లు పలచటి టీ డికాక్షన్ రంగుకు వస్తాయి. కాస్త ఆమ్లం పెరుగుతుంది. ఆపిస్టోగ్రామాలు పుట్టిన వాగుల అడుగున ఇలాగే ఆకు మేట వేసి ఉంటుంది. ఇదే ఆకును ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు కట్టి అమ్ముతుంటే, నేను ఉదయం నడకలో పార్కు చెట్టుకింద ఏరుకునేవాణ్ని. చీపురుతో ఊడ్చే ఆవిడ నా సంచి చూసి రెండు రోజులు ఊరుకుంది. మూడోరోజు దగ్గరికొచ్చి, "సారూ, పొయ్యిలోకా? గ్యాసు అయిపోయిందా?" అని మెల్లగా అడిగింది. చేపలకని చెప్పాను. గ్యాసు అయిపోయిందని చెప్పుంటే నా పరువు కొంత దక్కేది.

ఇంత చేసి వేస్తే, నా ఉమ్మడి కాపురం మొదటి వారం ఎంతో ముచ్చటగా సాగింది. అందరూ బెదిరి మూలల్లో దాక్కున్నారు కాబట్టి. బెరుకు పోగొట్టడానికి కార్డినల్ టెట్రాల గుంపును పైన వదిలాను. ఇది నిజంగా పనికొచ్చే కిటుకు. పైన చిన్నచేపలు నిబ్బరంగా తిరుగుతుంటే గద్దలూ కొంగలూ లేవని కింద సిక్లిడ్లకు ధైర్యం వస్తుంది. వచ్చింది. ధైర్యం రాగానే ఆస్తి పంపకాలు మొదలయ్యాయి.

ఒక్కో ఆపిస్టో ఆడదానికి అడుగు చొప్పున నేల కావాలి. మగవాడి ఎస్టేటులో రెండు మూడు ఆడవాళ్ల వాటాలుంటాయి. అడవిలోనూ వాడిది అదే పద్ధతి. రామ్‌లకు చదునైన రాయి, దాని చుట్టూ ఖాళీ. క్రిబెన్సిస్‌కు గుహ, గుహ ముందు వాకిలి, వాకిలి ముందు కనుచూపు మేర. నా మూడడుగుల నేలను వీళ్ల కోరికలతో కూడితే ఎనిమిదడుగులు తేలింది. ఈ కూడిక కొనకముందు చెయ్యొచ్చు. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్కలు చేసినవాణ్ని.

దీనికి తోడు 'జత' అని అమ్మిన రామ్‌లు రెండూ మగవే. ఆడదాని పొట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఒంటి మధ్యనున్న నల్లమచ్చలో నీలి చుక్కలు మెరుస్తాయి. అది నాకు కొన్నాక తెలిసింది. రెండు మగాళ్లూ ఒకరి పక్కన ఒకరు నిలబడి, రెక్కలన్నీ విప్పి, ఒంటి రంగంతా చూపించుకుంటుంటే, ప్రేమాయణమనుకుని ఇంటిల్లిపాదినీ పిలిచాను. మా అమ్మాయి కాసేపు చూసి, "నాన్నా, అది ప్రేమ కాదు, కొట్టుకోబోతున్నాయి" అంది. అన్నట్టే కొట్టుకున్నాయి. ఒకదాన్ని మూతున్న పప్పు డబ్బాలో వేసి తిరిగి దుకాణానికి మోసుకెళ్లాను.

గుహల కోసం కొబ్బరిచిప్పలు వాడాను. చిప్పకు అంచున వేలు పట్టేంత కంత కోసి బోర్లిస్తే ఆపిస్టోకు అంతకన్న మంచి ఇల్లు లేదు. నేను పెట్టింది రెండు, అందులో ఒకటి కాకాటూ ఆడది ఆక్రమించింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే దాని ఒళ్లు నిమ్మపండంత పచ్చగా, మచ్చలు కాటుకంత నల్లగా మారిపోయాయి. గుడ్లు పెట్టిందన్నమాట. ఆపిస్టోల్లో ఆడది గుడ్లు పెట్టాక పట్టపగ్గాల్లేవు. తనకు రెండింతలున్న మొగుణ్ని తరిమింది. బొలీవియన్‌ను తరిమింది. తొట్టి తుడవబోతే నా వేలిని పొడిచింది. రెండంగుళాల చేప. నేను చెయ్యి తీసుకున్నాను. అది చూసి మా ఆవిడ ఆ చేపకు మొదటిసారి స్వయంగా మేత వేసింది.

ఆ గుడ్లు దక్కలేదు. అడుగున ఊడ్చిపెడతాయని తెచ్చిన కోరీడోరాస్‌లు పగలంతా అమాయకంగా ఇసుక జల్లించుకుంటూ, రాత్రి లైటారగానే మీసాలతో తడుముకుంటూ వెళ్లి మొత్తం మేసేశాయి. సిక్లిడ్‌కు చీకట్లో చూపు ఆనదు, కోరీకి చూపుతో పనే లేదు. తెల్లారి ఆ తల్లి ఖాళీ చిప్ప ముందు కాపలా కాస్తూనే ఉంది. నాకు ఆ పూట ఇడ్లీ సయించలేదు. మా ఆవిడకు ఆ సంగతి చెబితే, "అడుగు శుభ్రం చేస్తాయని నువ్వేగా తెచ్చావ్, చేశాయి" అంది.

అసలు పెద్దమనుషులు క్రిబెన్సిస్ జంట. వీళ్లలో ఆడదే ముందు అడుగు వేస్తుంది. ఒళ్లు విల్లులా వంచి, ఎర్ర పొట్ట చూపించి, మగవాడి ఎదుట వణికి వణికి ఒప్పిస్తుంది. ఒప్పించాక ఇద్దరూ గుహలోకి దూరారు. గుహ పైకప్పుకు గుడ్లు అంటించి ఆవిడ లోపల విసురుతూ కూర్చుంది, ఆయన వీధిలో కర్ర పట్టుకున్న మోతుబరిలా నిలబడ్డాడు. ఆ వీధి నా తొట్టిలో మూడొంతులు. జర్మన్ రామ్ ఫిల్టర్ గొట్టం వెనక, బొలీవియన్ హీటర్ వెనక, ఆపిస్టోలు వాలిస్నేరియా మొక్కల మధ్య, కోరీలు ఎక్కడ సందుంటే అక్కడ. టెట్రాలన్నీ నీటిపైన ఒక మూల. నేను తొట్టి ముందు కుర్చీ వేసుకుని, ఎవరైనా ఎవరినైనా తరిమితే గాజు మీద తట్టి "ఏయ్" అనేవాణ్ని. మా పెద్దమ్మ మనవడి గృహప్రవేశానికి పోలేదు. కారణం అడిగితే ఇంట్లో పరిస్థితి బాగాలేదని చెప్పాను. వాళ్లు ఏమనుకున్నారో ఏమో, తర్వాత వారమంతా మా ఆవిడకు బంధువుల నుంచి ఓదార్పు ఫోన్లు వచ్చాయి.

ఆ ఫోన్ల దెబ్బకు ఆవిడే రంగంలోకి దిగింది. తొట్టి ముందు నిలబడి అయిదు నిమిషాలు చూసింది. "మా చిన్నాన్న కూతురి పెళ్లిలో మాటల్లేని తోడికోడళ్లిద్దరినీ ఎలా కూర్చోబెట్టాం? స్తంభానికి ఇటొకరు, అటొకరు. అందరూ అందరికీ కనపడేట్టు నువ్వు ఎందుకు సర్దావు?" అంది.

చూడ్డానికి బాగుంటుందని, అని చెప్పాను.

"ఎవరికి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తను చెబుతుంటే నేను మోచేతుల దాకా తడిసి సర్దాను. పెద్ద చెక్కమొద్దును అడ్డంగా కాకుండా మధ్యలో నిలువు గోడలా నిలబెట్టాం. దానికి జావా ఫెర్న్, అనూబియస్ దారంతో కట్టాం. ఈ రెండింటి దుంపకాండాన్ని మట్టిలో పాతకూడదు, కొయ్యను పట్టుకునే బతుకుతాయి. అటూ ఇటూ హైగ్రోఫిలా తెరలు కట్టింది. అది మన కాలవల్లో దొరికే మొక్కే, కత్తిరించిన కొద్దీ గుబురవుతుంది. గుహల గుమ్మాలు ఒకదానికొకటి ఎదురు కాకుండా తిప్పింది. రాళ్లన్నీ జరిగేసరికి పాత హద్దులన్నీ చెరిగిపోయి, ఎవరి పొలం ఎక్కడుందో తెలియక అందరూ కాసేపు తెల్లమొహాలేశారు. అక్వేరియం పుస్తకాలు చెప్పేదీ ఇదే: కొత్తచేప దింపేటప్పుడు సామాను మార్చు, చూపు తెగ్గొట్టు. ఆవిడ ఆ పుస్తకాలు చదవలేదు. పాతికేళ్లుగా మా వాళ్ల ఫంక్షన్లు చేయిస్తోంది.

చాలావరకు శాంతించారు. క్రిబెన్సిస్ తప్ప. వాళ్లు ఈసారి పిల్లల్ని గుహలోంచి బయటికే తెచ్చారు. గుడ్లు మూడు రోజులకు పగిలి, ఇంకో వారానికి పిల్లలు ఈదడం మొదలెడతాయి. తల్లీ తండ్రీ అటొకరూ ఇటొకరూ నడుస్తుంటే మధ్యలో నలుసుల దండు నేల మీద కదిలే పొగలా సాగింది. దారి తప్పిన పిల్లను తండ్రి నోట్లోకి తీసుకుని, వెనక్కొచ్చి గుంపులో ఉమ్ముతున్నాడు. 1973లో నోబెల్ అందుకున్న కొన్‌రాడ్ లోరెంజ్ ఇలాంటి ఒక సిక్లిడ్ తండ్రి గురించి రాశాడు. ఎర నములుతున్న నోట్లోకే దారి తప్పిన పిల్లను తీసుకుని, కాసేపు ఏం చెయ్యాలో తోచక ఆగిపోయి, రెంటినీ ఉమ్మేసి, పిల్ల మీద కన్నేసి ఉంచి ఎర తిని, ఆ తర్వాత పిల్లను ఇంటికి మోసుకెళ్లాడట ఆ తండ్రి. ఈ కథ మా ఆవిడకు ఎంతో భావోద్వేగంతో చెప్పాను. తను విని, మా అమ్మాయిని ఎల్కేజీ నుంచి తీసుకురమ్మంటే మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడి మరిచిపోయిన రోజును తేదీతో సహా గుర్తు చేసింది. నేను బజ్జీలు పూర్తిగా తిని మరీ వెళ్లాను, చేప లెక్కన చూస్తే నేను చేసింది సరైన వరసే అన్నాను. ఆ వాదన నిలవలేదు.

కాపలా పెరిగి కోరీల మీసాలు తెగడం, బొలీవియన్ తోక చిరగడం మొదలయ్యాక క్రిబెన్సిస్ సంసారాన్ని వేరు కాపురం పెట్టక తప్పలేదు. రెండడుగుల తొట్టి కొన్నాను. అది కూడా బాల్కనీలోనే, కుట్టుమిషను మీద. మిషను మీద ఎందుకని అడగొద్దు. దానికి నేను చెప్పుకునే సంజాయిషీ ఇంకా విచారణలో ఉంది.

ఆపిస్టోలు తర్వాత మళ్లీ గుడ్లు పెట్టాయి, కోరీలు లేనిచోట ఈసారి పిల్లలు దక్కాయి. కానీ అది మే నెల, తొట్టి నీళ్లు 31 దాటి ఉన్నాయి. ఈ చేపలకు ఆడా మగా అన్నది పుట్టుకతోనే తేలిపోదు. గుడ్డు పగిలాక తొలి వారాల్లో నీటి వేడి దాన్ని మారుస్తుంది, వేడి పెరిగితే మగవి ఎక్కువవుతాయి. ఉవే రోమర్, వోల్ఫ్‌గాంగ్ బైసెన్‌హెర్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ముప్పైకి పైగా ఆపిస్టో జాతుల మీద పరీక్షించి 1996లో ప్రకటించారు. హైదరాబాదు ఎండలు వాళ్ల మాట నిలబెట్టాయి. నా దగ్గర పెరిగినవి దాదాపు అన్నీ మగవాళ్లే, అందరికీ జుట్టు లేచే ఉంది, అందరికీ ఎస్టేటు కావాలి.

నా మాట వినేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి మీకు చెబుతున్నాను. మూడడుగుల తొట్టిలో ఒక్క జాతి మరుగుజ్జు సిక్లిడ్ పెట్టండి. ఒక జత రామ్‌లు గాని, లేదా ఒక కాకాటూ మగా రెండు ఆడవీ గాని. పైన టెట్రాలు ఉండనివ్వండి. రెండు జాతులు ఉండి తీరాలంటే నాలుగడుగులకు తగ్గొద్దు. ఒకటి రాయి మీద గుడ్లు పెట్టేదీ, ఒకటి గుహలో పెట్టేదీ అయితే తగువు కొంత తగ్గుతుంది. రెండు రకాల ఆపిస్టోలను మాత్రం కలపొద్దు. ఆడవాటిని మీరు గుర్తుపట్టలేరు, ఒక్కోసారి వాటి మగవాళ్లూ పట్టలేరు, పుట్టేవి ఏ జాతో చెప్పలేని సంకరాలవుతాయి. క్రిబెన్సిస్ మంచి చేప, ఎంతో మంచి చేప, వేరే ఇంట్లో. పిల్లలు కావాలనుకుంటే కోరీలు వద్దు. గుమ్మాలు ఎదురెదురు పెట్టొద్దు. చేపల సంఖ్య మీ ఇష్టం, నిర్ణయం మాత్రం మీ ఆవిడతో కలిసి దుకాణానికి వెళ్లి తీసుకోండి.

ప్రస్తుతం బాల్కనీలో క్రిబెన్సిస్ పిల్లలు చాలా ఉన్నాయి. బోరు నీళ్లకు అలవాటుపడ్డ గట్టి పిండాలు, ఆర్వో అడగవు. కావలసినవారు వచ్చి ఉచితంగా తీసుకెళ్లవచ్చు. డబ్బా మాత్రం మీరే తెచ్చుకోండి. పప్పు డబ్బా వ్యవహారం బయటపడ్డాక మా ఇంట్లో మూతున్నదేదీ నా చేతికివ్వడం లేదు.